పీహెచ్ 0.1 తగ్గితే సముద్రంలో ఎవరి వాటా మారుతుంది?

భీమవరం చుట్టుపక్కల ఏ రొయ్యల చెరువు గట్టు మీదైనా నిలబడి "పారిశ్రామిక విప్లవం నాటి నుంచి ఇప్పటికి సముద్రం పీహెచ్ 0.1 తగ్గిందట" అని చెబితే రైతు నవ్వుకోవచ్చు. పీహెచ్ అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం వైపు జరిగినట్టు. ఆయన చెరువులో తెల్లవారుజామున 7.8 ఉన్న పీహెచ్ సాయంత్రానికి 8.3కి చేరడం మామూలే. నీటి రంగు చిక్కబడిన రోజుల్లో ఇంకా పైకి పోతుంది. సముద్రం రెండు శతాబ్దాల్లో చూసిన మార్పుకు ఐదు రెట్లు ఆ చెరువు ఒక్క పగటిపూటలో చూస్తుంది. అయినా రొయ్యలు బతుకుతూనే ఉన్నాయి. మరి భూమి తట్టుకోగల తొమ్మిది హద్దుల్లో ఏడోది కూడా దాటిపోయిందని, ఆ ఏడోది సముద్ర ఆమ్లీకరణేనని 2025 సెప్టెంబరులో జర్మనీలోని పాట్స్‌డామ్ వాతావరణ పరిశోధన సంస్థ ప్రకటించినప్పుడు అంత కలకలం ఎందుకు?

రైతు ప్రశ్న న్యాయమైనదే. శాస్త్రవేత్తల్లోనూ కొందరు దాదాపు ఇదే మాట అడిగారు. జవాబు మాత్రం పీహెచ్ మీటరులో కనిపించదు. సముద్రపు నీటిలో ఏ పదార్థం ఏ రూపంలో ఉంది, దాన్ని ఎవరు తింటారు, తిన్నది ఎంత లోతుకు పోయి మళ్లీ ఎప్పుడు పైకి వస్తుంది అన్న లెక్కల్లో అది దాగి ఉంది.

తెల్లవారని రాత్రి

చెరువు పీహెచ్ పగలు ఎందుకు పెరుగుతుంది? నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు ఎండలో కార్బన్ డయాక్సైడ్‌ను లాక్కుని ఆహారం తయారుచేసుకుంటాయి. నీటిలో ఆ వాయువు తగ్గితే పీహెచ్ పెరుగుతుంది. రాత్రి ఆహారం తయారీ ఆగిపోతుంది, శ్వాస మాత్రం సాగుతుంది. మొక్కలు, రొయ్యలు, అడుగు మట్టిలోని బ్యాక్టీరియా అన్నీ కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. అది నీటితో కలిసి బలహీనమైన ఆమ్లంగా మారుతుంది, పీహెచ్ దిగుతుంది. తక్కెడలో ఒక పళ్లెం కార్బన్ డయాక్సైడ్, రెండో పళ్లెం పీహెచ్.

చెరువుకు రాత్రి చేసే పనినే సముద్రానికి మన పొగ గొట్టాలు చేస్తున్నాయి. తేడా ఒక్కటే, ఈ రాత్రికి తెల్లవారడం లేదు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. మనుషులు ఏటా వదిలే దానిలో సుమారు పావు వంతును సముద్రం పీల్చుకుంటోంది. పీల్చుకోకపోతే ఎండలు ఇంకా మండిపోయేవి. ఆ ఉపకారానికి సముద్రం కడుతున్న మూల్యమే ఆమ్లీకరణ.

ఈ పేరు కొంచెం తప్పుదోవ పట్టిస్తుంది. సముద్రం ఆమ్లంగా మారలేదు, సమీప భవిష్యత్తులో మారదు కూడా. తటస్థ స్థాయి 7 అయితే సముద్ర ఉపరితలం సగటు ఇప్పటికీ 8 పైనే ఉంది. కాగిన పాలు చల్లారుతున్నాయి అంటే గడ్డకట్టాయని కాదు కదా, ఆమ్లీకరణ కూడా దిశను చెప్పే మాటే.

0.1 నిజంగా ఎంత?

1909లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త పీహెచ్ కొలమానాన్ని రూపొందించాడు. నీటికి ఆమ్ల గుణం ఇచ్చే హైడ్రోజన్ అయాన్ల సంఖ్యలో బోలెడన్ని సున్నాలు ఉంటాయి కాబట్టి వాటిని కుదించి చిన్న అంకెగా రాసుకునే పద్ధతి అది. కుదింపు వల్ల వచ్చిన చిక్కేమిటంటే, చిన్నగా కనిపించే తేడా వెనక పెద్ద తేడా ఉంటుంది.

లెక్క చూద్దాం. పీహెచ్ 8.2 అంటే లీటరు నీటిలో సుమారు 6.3 నానోమోళ్ల (కణాలను లెక్కపెట్టే అతి చిన్న కొలత) హైడ్రోజన్ అయాన్లు. 8.1 అంటే 7.9. తేడా 1.6, అంటే పాతికకు పైగా శాతం పెరుగుదల. ఉద్గారాలు ఇలాగే పెరుగుతూ పోతే ఈ శతాబ్దం చివరికి 7.8 దగ్గరికి రావచ్చని అంచనా. అక్కడ అంకె 15.8. పారిశ్రామిక యుగానికి ముందున్న దానికి రెండున్నర రెట్లు.

అంత మాత్రాన భయపడనక్కరలేదని ఎవరైనా అనవచ్చు, మూలం చాలా స్వల్పం కాబట్టి రెండున్నర రెట్లయినా స్వల్పమేనని. ఆ మాటలో నిజం ఉంది. అందుకే అసలు కథ హైడ్రోజన్ దగ్గర ఆగదు, కార్బొనేట్ దగ్గర మొదలవుతుంది.

సముద్రంలో కరిగిన కర్బనాన్ని వంద పాళ్లుగా తీసుకుంటే దాదాపు తొంభై పాళ్లు బైకార్బొనేట్ రూపంలో, తొమ్మిది పాళ్ల వరకు కార్బొనేట్ రూపంలో, మిగిలిన ఒక పాలు లేదా అంతకన్నా తక్కువ కార్బన్ డయాక్సైడ్‌గానే ఉంటుంది. కొత్తగా వచ్చి చేరిన కార్బన్ డయాక్సైడ్ ఊరికే ఉండదు. ఒక కార్బొనేట్‌ను పట్టుకుని, నీటితో కలిసి, రెండు బైకార్బొనేట్‌లుగా మారిపోతుంది. ఇక్కడే తిరకాసు. నీటిలో మొత్తం కర్బనం పెరుగుతుంది, సముద్ర జీవులు సున్నపు గుల్ల కట్టుకోవడానికి కావలసిన కార్బొనేట్ మాత్రం తగ్గుతుంది. ఇంటికి బియ్యం బస్తాలు వచ్చి పడుతున్నాయి, ఉప్పు డబ్బా ఖాళీ అవుతోంది. పీహెచ్ 7.8కి దిగిన రోజున ఉపరితల జలాల్లో కార్బొనేట్ నేటి స్థాయిలో దాదాపు సగానికి పడిపోతుంది.

ఆక్వా రైతులు 'ఆల్కలినిటీ' అని కొలిచేది ఈ ఆమ్లాన్ని తట్టుకునే శక్తినే. అది తగ్గితే చెరువులో సున్నమో డోలమైటో చల్లుతారు. సముద్రానికి సున్నం చల్లే ఆలోచన కూడా ఉంది, దాని సంగతి తర్వాత.

ఇంతకీ ఆ ఏడో హద్దు ఏమిటి? అరగొనైట్ అనే సున్నపు రూపం నీటిలో ఎంత తేలికగా నిలబడగలదో తెలిపే కొలత ఒకటి ఉంది. అది పారిశ్రామిక యుగానికి ముందున్న విలువలో 80 శాతం కన్నా కిందికి పోకూడదని 2009లో ఒక బృందం గీసిన గీత అది. గీతకు ఇవతల క్షేమం, అవతల అగాధం అని దాని అర్థం కాదు. రక్తపోటుకు డాక్టర్లు పెట్టుకున్న అంకె లాంటిది. ఆ గీత ఎక్కడ ఉండాలన్న దానిపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. మనం కదులుతున్న దిశపై లేవు.

తేలే వాళ్లెవరు?

ప్రవాహానికి ఎదురీదే శక్తి లేక, నీటి వాలున తేలిపోయే జీవులన్నీ ప్లవకాలే. ఎండతో ఆహారం వండుకునేవి వృక్ష ప్లవకాలు, వాటిని తినేవి జంతు ప్లవకాలు. భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఈ కంటికి ఆనని వృక్ష ప్లవకాలదే. బరువు చూస్తే మాత్రం భూమి మీది మొక్కలన్నిటి మొత్తంలో అవి ఒక శాతమైనా ఉండవు. అంత తక్కువ సరుకుతో అంత వ్యాపారం ఎలా సాగుతుందంటే, కొద్ది రోజుల్లోనే పుట్టడం, తినబడటం, మళ్లీ పుట్టడం వల్ల.

మన కథకు కావలసిన పాత్రలు కొన్నే. డయాటమ్‌లు గాజు పెట్టెలో బతుకుతాయి, అంటే సిలికాతో గుల్ల కట్టుకుంటాయి. కాకొలిథోఫోర్‌లు సున్నపు పలకలను ఒంటి నిండా అతికించుకుంటాయి. ఫోరామినిఫెరాలు ఏకకణ జీవులు, వాటిదీ సున్నపు గుల్లే. టెరోపాడ్‌లు రెక్కలతో ఈదే చిన్న నత్తలు, వీటి గుల్ల అరగొనైట్‌తో కట్టింది కాబట్టి అందరికన్నా ముందు కరిగే ప్రమాదం వీటికే. ట్రైకోడెస్మియం అనే నీలి ఆకుపచ్చ జీవి గాలిలోని నత్రజనిని నేరుగా వాడుకోగలదు. వేసవిలో మన తీరాల్లోనూ గోధుమరంగు తెట్టులా తేలుతుంది. పాత నావికులు దాన్ని సముద్రపు రంపపు పొట్టు అనేవారు.

గుల్లల గొడవ

మొదటి భయం గుల్లల గురించే. 2000లో వచ్చిన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో కార్బన్ డయాక్సైడ్ పెంచిన నీటిలో కాకొలిథోఫోర్‌ల సున్నపు పలకలు తగ్గాయి, కొన్ని వంకరలు పోయాయి. ఎనిమిదేళ్ల తర్వాత, అదే జాతి మీద మరో బృందం చేసిన ప్రయోగంలో పలకలు పెరిగాయి. పాఠకుడికి ఇలాంటి చోటే విసుగు పుడుతుంది. శాస్త్రం నిన్న ఒకటి, నేడు ఒకటి చెబుతుందని.

కారణాలు వెతికితే విసుగు ఆసక్తిగా మారుతుంది. ఒకరు పీహెచ్ తగ్గించడానికి నీటిలో ఆమ్లం కలిపారు, మరొకరు కార్బన్ డయాక్సైడ్ బుడగలు పంపారు. మీటరు రెండు చోట్లా అదే అంకె చూపినా కరిగిన మొత్తం కర్బనం ఒకటి కాదు. పైగా ఈ జీవికి బైకార్బొనేట్ ఆహారం, హైడ్రోజన్ అయాన్లు బరువు. ఒక చేత్తో పెట్టి మరో చేత్తో లాక్కునే వ్యవహారం. ఏ చెయ్యి బలమైనదన్నది జాతిని, అదే జాతిలో వంశాన్ని బట్టి కూడా మారుతుంది. ఈ మిశ్రమ ఫలితాన్ని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు.

బయటి సముద్రం కూడా ఇలాగే రెండు నాలుకలతో మాట్లాడింది. దక్షిణ మహాసముద్రంలో నేటి ఫోరామినిఫెరా గుల్లలను అడుగు బురదలోని వేల ఏళ్ల నాటి గుల్లలతో తూచి చూస్తే నేటివి 30 నుంచి 35 శాతం తేలికగా ఉన్నట్టు 2009లో తేలింది. 1870లలో ప్రపంచం చుట్టిన ఛాలెంజర్ నౌక సేకరించి దాచిన గుల్లలతో ఇటీవలి గుల్లలను పోల్చినప్పుడు ఒక జాతిలో గోడ మందం 76 శాతం వరకు తగ్గింది. అంటార్కిటికా దగ్గర సజీవ టెరోపాడ్‌ల గుల్లలు కరిగి గరుకుబారడం 2008లో తీసిన నమూనాల్లో కనిపించింది. మరోవైపు ఉత్తర అట్లాంటిక్‌లో సరుకు నౌకల వెనక కట్టి లాగే పరికరాల నమూనాలను 1965 నుంచి 2010 వరకు వరసగా పరిశీలిస్తే కాకొలిథోఫోర్‌లు కనిపించడం సుమారు పది రెట్లు పెరిగింది.

వీటిలో ఏదీ అబద్ధం కాదు. గుల్ల పలచబడటం ఒక సంగతి, ఆ జీవి సంఖ్య తగ్గడం ఇంకో సంగతి. కార్బన్ డయాక్సైడ్ ఎరువులా పనిచేసిన చోట పలచని గుల్లతోనైనా గుంపు పెరగవచ్చు.

సర్దుకుపోవడం గురించీ ఒక మాట. వృక్ష ప్లవకాలు రోజుకొక తరం చొప్పున మారగలవు. కాకొలిథోఫోర్‌లను ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌లో 500 తరాలు పెంచితే కోల్పోయిన గుల్ల కట్టే శక్తిలో కొంత తిరిగి వచ్చినట్టు 2012లో చూపించారు. కొంతే, అంతా కాదు. ఇలాంటి జీవులకు కాలం పక్షాన ఉంది, ఏడాదికో రెండేళ్లకో ఒక తరం తిరిగే టెరోపాడ్‌లకు అంత లేదు.

పప్పు తగ్గిన భోజనం

నా దృష్టిలో గుల్లల కథ కంటే పెద్దది, పత్రికల్లో తక్కువగా వచ్చేది పోషకాల కథ. పైపొరలో ప్లవకాలు పోషకాలను వాడుకుంటాయి. చచ్చినవి, విసర్జించినవి కిందికి దిగుతాయి. దారిలో బ్యాక్టీరియా వాటిని విడగొట్టి పోషకాలను మళ్లీ నీటిలో కలుపుతుంది. ఎప్పుడో సుడులు, గాలులు ఆ లోతు నీటిని పైకి తెస్తాయి. ఈ చక్రమే సముద్రపు వంటిల్లు. 1934లో ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ ఒక విచిత్రం గమనించాడు. ప్లవకాల ఒంట్లోనూ, లోతు నీటిలోనూ ముఖ్య మూలకాల పాళ్లు దాదాపు ఒకే విధంగా ఉన్నాయి. తర్వాత స్థిరపడిన అంకె ఇది: భాస్వరం ఒకటైతే నత్రజని 16, కర్బనం 106.

ఈ పాళ్లు కదిలితే ఏమవుతుంది? నార్వేలోని బెర్గెన్ దగ్గర సముద్రంలోనే పెద్ద సంచులు దించి చేసిన ప్రయోగం ఫలితాలు 2007లో వచ్చాయి. మామూలు నీటిలో ప్లవకాలు ఒక పాలు నత్రజనికి ఆరు పాళ్ల కర్బనం వాడుకున్నాయి. కార్బన్ డయాక్సైడ్ బాగా పెంచిన సంచిలో ఎనిమిది పాళ్లు. అన్నం పెరిగింది, పప్పు పెరగలేదు. కడుపు నిండుతుంది, ఒంటికి పట్టదు. ఇలాంటి ప్లవకాలను తినే కోపెపాడ్‌ల వంటి చిన్న జీవులకు మాంసకృత్తులు తగ్గుతాయి, వాటిని తినే చేప పిల్లలకూ ఆ లోటు చేరవచ్చు. ఇంకోవైపు అదే నత్రజనితో ఎక్కువ కర్బనం కిందికి దిగితే గాలిలోని భారం కాస్త తగ్గవచ్చు. మంచా చెడా అంటే, ఎవరికి అని అడగాలి.

నత్రజని విషయంలో ఆక్వా రైతుకు ఒక సూత్రం బాగా తెలుసు. పీహెచ్ పెరిగితే అమోనియా విషం అవుతుంది. నీటిలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది, విద్యుదావేశం ఉన్నది, లేనిది. పీహెచ్ పెరిగేకొద్దీ ఆవేశం లేని విషరూపం వాటా పెరుగుతుంది. సముద్రంలో ఇదే సూత్రం తిరగబడి పనిచేస్తోంది. పీహెచ్ 0.3 తగ్గితే ఆవేశం లేని అమోనియా దాదాపు సగమవుతుంది. రొయ్యకు అది ఊరట. అమోనియాను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులకు మాత్రం ఈ రూపమే తిండి కాబట్టి వాటికి కరవు. అట్లాంటిక్, పసిఫిక్ జలాల్లో పీహెచ్‌ను 0.05 నుంచి 0.14 వరకు తగ్గించి చూస్తే ఈ మార్పిడి వేగం 8 నుంచి 38 శాతం పడిపోయినట్టు 2011లో ప్రచురించారు. నైట్రేట్ తగ్గి అమోనియం మిగిలితే పెద్ద డయాటమ్‌ల కన్నా చిన్న కణాలకు అనుకూలం. చిన్న కణాల నుంచి చేప దాకా మెట్లు ఎక్కువ, ప్రతి మెట్టు దగ్గరా తరుగు.

గాలిలోని నత్రజనిని కట్టిపడేసే ట్రైకోడెస్మియం ఆ లోటు తీరుస్తుందా? 2007 నాటి ప్రయోగాలు తీరుస్తుందనే ఆశ కలిగించాయి, ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌లో అది మరింత జోరుగా పనిచేసింది. 2017లో మరో బృందం దీన్ని తిరగదోడింది. ప్రయోగశాలలో తయారుచేసిన కృత్రిమ సముద్రపు నీటిలోని అమోనియా, లోహాల మలినాలే లెక్కలను తారుమారు చేశాయని, శుభ్రమైన నీటిలో ఆమ్లీకరణ ఈ జీవిని నెమ్మదింపజేస్తుందని వాదించింది. ఇనుము తక్కువగా ఉన్న చోట దెబ్బ ఇంకా ఎక్కువ. ఈ వాదం పూర్తిగా ముగియలేదు.

ఇనుము కూడా ఈ కథలో ఉంది. సముద్రంలో అది చిటికెడంత, దక్షిణ మహాసముద్రం లాంటి చోట్ల పంట ఎంతో తేల్చేది ఆ చిటికెడే. ఇనుమును లోపలికి లాగే డయాటమ్ మాంసకృత్తికి తోడుగా కార్బొనేట్ కావాలని 2018లో తేలింది. కార్బొనేట్ తగ్గితే తలుపు ఉంటుంది, తాళంచెవి ఉండదు.

గాజు పెట్టెలు ఆలస్యంగా కరిగితే

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది సిలికా కథ. డయాటమ్‌ల గుల్లలో సున్నం లేదు కాబట్టి ఆమ్లీకరణలో గెలిచేది అవేనని చాలా ఏళ్లు అనుకున్నారు. పైగా కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వాటికి ఎరువే. చాలా ప్రయోగాలూ అలాగే చూపించాయి. 2022లో, సంచి ప్రయోగాలు ఐదింటిని ఒకచోట చేర్చి చూసిన పరిశోధకులు దృష్టిని బతికిన డయాటమ్ నుంచి చచ్చిన డయాటమ్ వైపు తిప్పారు. పీహెచ్ తగ్గితే సిలికా గుల్ల మెల్లగా కరుగుతుంది. మెల్లగా కరిగితే ఇంకా లోతుకు మునుగుతుంది. మునిగిన సిలికా పైకి రావడానికి శతాబ్దాలు పట్టవచ్చు.

ఊహకోసం ఒక లెక్క. కిందికి దిగే శిథిలాల్లో నత్రజని వంద పాళ్లు, సిలికా వంద పాళ్లు ఉన్నాయనుకుందాం. రెండూ పైపొరలోనే ఎనభై పాళ్ల చొప్పున విడిపోతే మిగిలిన ఇరవై ఇరవై లోతుకు పోతాయి, పాళ్లు చెదరవు. గుల్ల కరగడం మందగించి సిలికాలో డెబ్బై ఆరు పాళ్లే విడిపోయాయనుకుందాం. ఇప్పుడు లోతుకు పోయేవి ఇరవై నాలుగు. ప్రతి విడతలోనూ డయాటమ్‌ల సంచిలోంచి నాలుగు పాళ్ల గాజు అదనంగా జారిపోతోంది, నత్రజని మాత్రం అలాగే ఉంది. ఆ మిగిలిన నత్రజనిని సిలికా అక్కరలేని వాళ్లు వాడుకుంటారు. అసలు ప్రయోగాల్లో, ఈ శతాబ్దాంతపు స్థాయి కార్బన్ డయాక్సైడ్ దగ్గర, మునిగే పదార్థంలో నత్రజనితో పోల్చితే సిలికా సుమారు 17 శాతం పెరిగింది. దాన్ని కంప్యూటర్ నమూనాలో పెట్టి నడిపితే 2200 నాటికి ప్రపంచ డయాటమ్‌లు 13 నుంచి 26 శాతం తగ్గవచ్చని వచ్చింది.

ఇది అంచనా, జోస్యం కాదు. నమూనాకు అందని సంగతులు చాలా మార్చగలవు. కానీ ఈ ఫలితం ఒక అలవాటును ప్రశ్నించింది. ఒక జీవిని గాజు పాత్రలో నాలుగు వారాలు పెంచి 'దీనికేం కాదు' అనడం ఎంత వరకు చెల్లుతుంది? పాత్రలో అడుగూ పైపొరా ఒకటే, సముద్రంలో వాటి మధ్య కిలోమీటర్లు, శతాబ్దాలు ఉన్నాయి.

రైతు ప్రశ్నకు తిరిగి వస్తే

చెరువు రోజూ ఊగుతుంటే లేని ప్రమాదం సముద్రానికి ఎందుకు? మొదట ఆయన వాదంలోని బలం ఒప్పుకోవాలి. తీరపు నీళ్లు, నదీముఖాలు కూడా చెరువులాగే ఊగుతాయి, అక్కడి ప్లవకాలు చాలావరకు గట్టివి. పెద్ద కణం చుట్టూ ఉండే పలుచని నీటిపొరలోనే పగలూ రాత్రీ పీహెచ్ గణనీయంగా మారుతుందని లెక్కలు చెబుతున్నాయి. ఆమ్లీకరణ ప్రభావాలను కొన్ని తొలి పరిశోధనలు ఎక్కువ చేసి చూపిన మాటా నిజమే. పగడపు దిబ్బల చేపల ప్రవర్తన దెబ్బతింటుందన్న ప్రయోగాలను 2020లో జాగ్రత్తగా తిరిగి చేస్తే ఆ ఫలితాలు రాలేదు.

ఇక రెండో వైపు. విశాఖ రేవులో ఆటుపోట్లకు నీరు మీటరుకు పైగా ఎక్కి దిగే రోజులుంటాయి. అంతమాత్రాన సముద్రమట్టం పావు మీటరు పెరిగితే లెక్కలేదని ఎవరూ అనరు. ప్రతి పోటూ ఆ పెరిగిన మట్టం నుంచే మొదలవుతుంది కాబట్టి. పీహెచ్ సంగతీ అంతే, ఊగే ఉయ్యాల మొత్తం కిందికి దిగుతోంది. పైగా చెరువుకు యజమాని ఉన్నాడు. నీటిలోకి గాలి పంపే ఏరియేటర్ తిప్పుతాడు, నీళ్లు మారుస్తాడు, సున్నం చల్లుతాడు.

సముద్రానికి సున్నం చల్లాలన్న ఆలోచన హాస్యం కాదు, దాని మీద ఇప్పుడు నిజంగానే పరిశోధనలు నడుస్తున్నాయి. కొలత ఊహించుకోండి. కాల్చిన సున్నం ఒక టన్ను సముద్రంలో కలిస్తే సుమారు 1.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను బంధిస్తుంది. సముద్రం ఏటా పీల్చుకునేది సుమారు వెయ్యి కోట్ల టన్నులు. దానికి సరిపోయే సున్నం దాదాపు 770 కోట్ల టన్నులు. ప్రపంచం ఏటా తయారుచేసే సిమెంటు 400 కోట్ల టన్నుల చిల్లర. సున్నపురాయిని కాల్చేటప్పుడు వెలువడే వాయువును పట్టుకోలేకపోతే లాభంలో సగానికి పైగా అక్కడే పోతుంది. సున్నానికి బదులు ఒలివీన్ రాతిపొడి చల్లితే సిలికా, ఇనుము, నికెల్ కూడా నీటిలో చేరతాయి. అప్పుడు డయాటమ్‌లకు విందు, మరికొందరికి విషం కావచ్చు. పీహెచ్ సరిచేసే మందు కూడా వాటాలు మార్చకుండా ఉండదు.

మన వాకిట్లోని సముద్రం

బంగాళాఖాతం ఈ లెక్కలన్నిటికీ ఒక మెలిక వేస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ కుమ్మరించే మంచినీరు ఉప్పునీటి మీద పాల మీద మీగడలా పరుచుకుంటుంది. ఆ పొరను చీల్చి లోతులోని పోషకాలు పైకి రావడం కష్టం. అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ ప్లవకాల పంట పలుచన కావడానికి ముఖ్య కారణం అదే. నదీజలం సముద్రజలమంత ఆమ్లాన్ని తట్టుకోలేదు కాబట్టి అది పరుచుకున్న చోట పీహెచ్ తేలికగా కదులుతుంది. తూర్పు తీరంలో గాలిలోంచి రాలే గంధక, నత్రజని కాలుష్యానికీ ఇందులో పాత్ర ఉందని విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం పరిశోధనలు సూచించాయి. నడిసముద్రంలో కార్బన్ డయాక్సైడ్‌ను, పీహెచ్‌ను ఎడతెగకుండా కొలిచే తేలే కేంద్రం ఇక్కడ మొదలైంది 2013 నవంబరులోనే. హవాయి దగ్గర 1988 నుంచి లెక్కలున్నాయి. మన దగ్గర ఉన్న చరిత్ర అంత పొడవైనది కాదు.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు చెప్పడానికి ఉపగ్రహం చూసిన పత్రహరితాన్నీ నీటి వేడినీ వాడుకుంటుంది. ఆ పచ్చదనం ప్లవకాలు ఎంత ఉన్నాయో బాగా చెబుతుంది. అందులో డయాటమ్‌లు ఎన్ని, చిన్న కణాలు ఎన్ని అన్నది తేల్చడం దానికి చాలా కష్టం. కవళ్ల వంటి చేపలకు మాత్రం ఆ తేడా తెలుస్తుంది.

లోతులో ఇంకో సన్నని గీత ఉంది. బంగాళాఖాతం మధ్యపొరల్లో ఆక్సిజన్ దాదాపు లేదు, కానీ పూర్తిగా సున్నా కాదు. మిగిలిన ఆ అణుమాత్రం ఆక్సిజనే నైట్రేట్ పెద్దఎత్తున నత్రజని వాయువుగా మారి ఎగిరిపోకుండా ఆపుతోందని 2017లో ఒక అంతర్జాతీయ బృందం కొలిచి చెప్పింది. అరేబియా సముద్రంలో ఆ నష్టం ఇప్పటికే భారీగా జరుగుతోంది. కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ ఉన్న శిథిలాలు ఇక్కడా దిగడం మొదలైతే వాటిని కుళ్లబెట్టడానికి బ్యాక్టీరియాకు మరింత ఆక్సిజన్ కావాలి. ఆ అణుమాత్రం నిలుస్తుందా?

ఇన్నాళ్లు నిలవడానికి నదుల ఒండ్రు కూడా ఒక కారణమని కొందరు శాస్త్రవేత్తలు భావిస్తారు. మట్టి రేణువులు ప్లవక శిథిలాలకు అంటుకుని, మధ్యపొరల్లో కుళ్లే వ్యవధి ఇవ్వకుండా వాటిని వేగంగా అడుగుకు లాక్కుపోతాయి. శ్రీశైలం, నాగార్జునసాగర్ కట్టాక కృష్ణ నుంచి సముద్రానికి చేరే ఒండ్రు బాగా పడిపోయింది. డయాటమ్‌లకు గాజు అందించే సిలికాను కూడా ఆనకట్టల వెనకి నిశ్చల జలాలు కొంత ఆపేస్తాయి. పీహెచ్ తగ్గి సిలికా లోతుకు జారుతున్న కాలంలోనే నది నుంచి వచ్చే సిలికా, ఒండ్రు మట్టి కూడా తగ్గుతున్నాయి. ఈ మూడూ కలిసి గోదావరి, కృష్ణల ముంగిట డయాటమ్‌ల వాటాను ఎటు తోస్తాయో తేలాలంటే ఉపగ్రహం చూసే పచ్చదనం చాలదు. నెలనెలా నీటిని వలలో వడగట్టి, సూక్ష్మదర్శిని కింద ఒక్కో గుల్లనూ లెక్కపెట్టే మనిషి కావాలి.